మొక్కలా, సోలారా, స్టీలు కంచాలా: సంఘాలు కలిస్తే ఏది మేలు?

మా ఊరి పాస్టర్స్ ఫెలోషిప్‌లో సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్, బాప్టిస్టు, పెంతెకోస్తు క్రైస్తవ సంఘాలున్నాయి. గుడ్‌ఫ్రైడేకి యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలు ఏడుగురు పంచుకుని ప్రసంగిస్తారు, క్రిస్మస్‌కు ముందు సెమీ క్రిస్మస్ కలిసి చేసుకుంటాం. మిగతా ఏడాదంతా ఎవరి మైకు వాళ్ళదే. ఈసారి ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) ఫాదర్‌గారు కూడా వచ్చారు. పర్యావరణం కోసం అందరం కలిసి ఒక్క పనైనా చేద్దామని కూర్చుంటే మూడు తేలాయి: మొక్కలు నాటడం, మందిరాల (చర్చిల) మీద సోలార్ పెట్టించడం, సంఘమంతా కలిసి భోంచేసే ప్రేమవిందులకు అందరికీ కలిపి స్టీలు కంచాలు కొనడం. మూడోది వినగానే కొందరు నవ్వారు. నా ఓటు దానికే.

మొక్కల సంగతి మాకు కొత్త కాదు. పర్యావరణ దినం జూన్ 5 దగ్గరి ఆదివారం నాటుతాం. అప్పటికి రోహిణి కార్తె ఇంకా దిగదు, నేల పెనంలా కాలుతుంటుంది. పాస్టర్లందరూ ఒకే మొక్కను పట్టుకుంటారు, వెనక ఫ్లెక్సీ, ఫోటో అయిపోతుంది. దసరా నాటికి చూస్తే గుంత ఉంటుంది, మొక్క ఉండదు. ఫాదర్‌గారు ఒక మంచి మాట చెప్పారు. సెప్టెంబరు 1 నుంచి అక్టోబరు 4 దాకా చాలా దేశాల్లో సంఘాలు కలిసి సృష్టి కాలం పాటిస్తాయట. సెప్టెంబరు 1ని సృష్టి కోసం ప్రార్థన దినంగా ఆర్థడాక్స్ సంఘ పెద్ద దిమిత్రియోస్ 1989లో ప్రకటించారు, 2015లో పోప్ ఫ్రాన్సిస్ కాథలిక్కులకూ అదే రోజు పెట్టారు. అక్టోబరు 4 ప్రకృతిని ప్రేమించిన అస్సీసీ ఫ్రాన్సిస్ పండుగ. అప్పుడైతే నేలలో తడి ఉంటుంది, నాటింది బతుకుతుంది. కానీ నీళ్ళెవరు పోస్తారు? అందరి మొక్కకు దిక్కెవరు?

సోలార్‌ది వేరే లెక్క. కార్బన్ తగ్గించడంలో మిగతా రెండూ దానికి సాటి రావు. మూడు కిలోవాట్ల ప్యానెళ్ళు మన ఎండకు రోజుకు సుమారు 12 యూనిట్లిస్తాయి. అయితే కేంద్రం సోలార్ పథకం పీఎం సూర్య ఘర్‌లో ఇచ్చే 78,000 రూపాయల సబ్సిడీ ఇళ్ళకే, మందిరాలకు లేదు. పెద్ద సంఘం చందా వేసుకుని పెట్టించుకుంటుంది, రేకుల షెడ్డులో ఆరాధించే చిన్న సంఘం చూస్తూ ఉండిపోతుంది. పైగా ఎవరి కరెంటు బిల్లు వాళ్ళకే తగ్గుతుంది, ఇందులో కలిసి చేసిందేముంది? ఒక్క షరతు మీద నేనూ ఒప్పుకుంటాను. మే నెలలో మిట్టమధ్యాహ్నం మందిరం తలుపులు తీసి, ఫ్యాన్లు వేసి, కుండలో నీళ్ళు పెట్టాలి. ఉపాధి హామీ పనికెళ్ళి వచ్చేవాళ్ళు, తోపుడుబండ్ల వాళ్ళు ఏ మతమైనా సరే లోపల కూర్చోవాలి. ప్రపంచ చర్చిల మండలి 2025 నుంచి 2034 వరకు పదేళ్ళను వాతావరణ న్యాయానికి కేటాయించింది. ఏసీ లేనివాడికి, కారు లేనివాడికి, అంటే వేడి పెంచనివాడికే వడదెబ్బ తగలడం కదా అన్యాయం. ఆదివారం తప్ప తాళం తియ్యని మందిరానికి సోలార్ దేనికి?

ఇక కంచాలు. క్రిస్మస్ మర్నాడు మందిరం వెనక్కి వెళ్ళి చూడండి. సిల్వర్ పేపర్ ప్లేట్లు, వాటర్ ప్యాకెట్లు, మిగిలిన బిర్యానీ ఒకే కుప్ప. మధ్యాహ్నం దాకా పొగ. ఆ పొగ పాస్టరుగారింటికి రాదు, వెనక గుడిసెల్లోకి పోతుంది. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, వంద మైక్రాన్లలోపు ఫ్లెక్సీలు 2022 జులై 1 నుంచి నిషేధమేనని ఎన్నిసార్లు చెప్పినా ఎవరికీ పట్టదు. స్టీలు కంచాలు మూడొందలు ఉంటే ఒక సంఘం విందు అయ్యాక ఇంకో సంఘానికి ఇవ్వొచ్చు. మా సంఘాలన్నిటికీ క్రిస్మస్ ఒకే రోజు గానీ, పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, కోత పండుగలు ఒకే రోజు రావు. కంచాలు అడగడానికైనా ఒక పాస్టరు ఇంకో పాస్టరుకు ఫోన్ చెయ్యాలి. గుడ్‌ఫ్రైడేకి, సెమీ క్రిస్మస్‌కి తప్ప పలకరించుకోని చోట నాకది చిన్న విషయంగా అనిపించదు.

డబ్బు కూడా భారం కాదు. స్త్రీల సమాజాల వాళ్ళు వండేటప్పుడు తీసిపెట్టే పిడికెడు బియ్యం అమ్మితే చాలావరకు వస్తుంది. ఇబ్బందల్లా కడగడం దగ్గరే. మూడొందల కంచాలు ఎవరు తోముతారు? మీటింగులో ఈ మాట రాగానే అందరి చూపూ వెనక వరుసలో కూర్చున్న ఆడవాళ్ళ మీదికే పోయింది. ఒకావిడ లేచి, "తిన్నవాళ్ళే కడుక్కుంటే కొనండి, లేకపోతే ఆ విస్తరాకులే నయం" అంది. ఆవిడ చెప్పిందే రైటు. యవనస్థుల మగపిల్లలు ఆ పని తీసుకుంటామన్నారు, చూడాలి. విస్తరాకులు కూడా బాగానే ఉంటాయి గానీ మా సంతలో మోదుగ ఆకులు కుట్టి తెచ్చేవాళ్ళు ఇప్పుడు లేరు.

కంచాలకు తీర్మానం అయింది. వాటి మీద ఏ సంఘం పేరు కొట్టించాలన్న దగ్గర మాత్రం గంటన్నర ఆగిపోయాం. ఊరి పేరు చాలన్నాను నేను.