చెత్త పాఠం: పోస్టరా, మామ్మగారా, జపాన్ డ్యూటీయా? ఏది మేలు?

చెత్త తగ్గించడం గురించి పిల్లలకు నేర్పడానికి విజయవాడ బళ్ల ముందు ఇప్పుడు మూడు దారులున్నాయి. అందరికీ తెలిసిన పోస్టర్లు, 'బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్' పోటీ ఒకటి. ఇళ్లలోని పెద్దవాళ్లను క్లాసుకు పిలిచి చెప్పించడం ఇంకొకటి. జపాన్ బళ్లలోలాగా పిల్లలకే రోజూ డ్యూటీ వేయడం మూడోది. ముందే చెప్పేస్తున్నా, మొదటిదానికి నా ఓటు లేదు.

పోటీ అంటే ఏం జరుగుతుందో తల్లుల్ని అడగండి. రేపు ప్రాజెక్టు ఇవ్వాలని రాత్రి తొమ్మిదింటికి గుర్తొస్తుంది. గ్లిట్టర్ షీట్లు, ఫెవికాల్, థర్మాకోల్ కొనడానికి పరుగు. ఖాళీ సీసా కావాలి కాబట్టి కూల్‌డ్రింకు కూడా కొంటారు. తయారైన పెన్‌స్టాండు వారం రోజులు బల్ల మీద ఉండి చెత్తబుట్టలో పడుతుంది. మామూలు సీసాగా ఉన్నప్పుడు పాత సామాన్లవాడు కిలో లెక్కన తీసుకునేవాడు. జిగురు, గ్లిట్టరు అంటుకున్నాక వాడు కూడా ముట్టుకోడు. ఇక పోస్టర్లంటారా, తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త కావాల్సినవి అని 2026 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పిన నాలుగు రకాలు గుర్తుండటానికి గోడ మీద ఒక చార్టు చాలు.

మామ్మగారి క్లాసు సంగతి వేరు. డెబ్బై దాటినవాళ్లను ఎవరిని కదిపినా కుడితి గోలెంతో మొదలుపెడతారు. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కులు అన్నీ అందులోకే, సాయంత్రానికి గేదె ముందుకి. కిరాణా కొట్టు పొట్లానికి చుట్టిన దారం కూడా పారేసేవాళ్లు కాదు, ఉండ చుట్టి దాచేవాళ్లు. పాత నోటుబుక్కుల్లో మిగిలిన తెల్లకాయితాలను దబ్బనంతో కుడితే రఫ్ బుక్కు. చిరిగిన నేతచీరలు బొంతలయ్యేవి, కాస్త బాగున్నవి స్టీలు సామాన్లు ఇచ్చే ఆమె గంపలోకి వెళ్లేవి. ఒక్క గిన్నె కోసం ఆమెతో గంటసేపు సాగే బేరాన్ని క్లాసులో ఆడించి చూడండి, ఏ వీడియో పనికొస్తుంది దాని ముందు?

మాటలతో ఆపకుండా ఆవిడ చేత బీరపొట్టు పచ్చడి చేయిస్తే ఇంకా మంచిది. ఒకే బీరకాయ, లోపలిది కూరకి, పైది పచ్చడికి. పొట్టును కడిగి పచ్చిమిర్చితో నూనెలో మగ్గబెట్టి, చింతపండు, ఉప్పు, వేయించిన నువ్వులు కలిపి నూరి, ఇంగువ తిరగమోత పెట్టాలి. బీరకాయ కూర చూసి మొహం తిప్పుకునే పిల్లలు కూడా ఈ పచ్చడన్నం రెండో ముద్ద అడుగుతారు.

వన్‌టౌన్ బళ్లకైతే ఇంకో సదుపాయం ఉంది. అక్కడ తరాలుగా ఉంటున్న గుజరాతీ, మార్వాడీ కుటుంబాల పిల్లలు మన పిల్లలతోనే చదువుకుంటారు. గుజరాతీ ఇళ్లలో మిగిలిన రొట్టెల్ని ముక్కలు చేసి, మజ్జిగలో ఉడికించి, ఆవాల తాలింపు పెడతారు, వఘారేలీ రోట్లీ అంటారు. మన ఇళ్లలో రాత్రి మిగిలిన అన్నం పొద్దున్నకి చద్దన్నమో పులిహోరో అవుతుంది. ఆ ఇద్దరు అవ్వల్నీ ఒకే రోజు పిలవండి.

ఈ క్లాసులో రెండు లోపాలున్నాయి. ఎవరో ఒక పిల్ల తప్పకుండా అడుగుతుంది, "మామ్మగారూ, మరి చిప్స్ ప్యాకెట్లు ఏం చేసేవాళ్లు?" అని. "ప్యాకెట్లు ఎక్కడివమ్మా, జంతికలు డబ్బాలో ఉండేవి" అంటారావిడ. నిజమే, కానీ ఆ పిల్ల చేతిలో ప్యాకెట్టు అలాగే ఉంటుంది. ప్లాస్టిక్కు, అల్యూమినియం పొరలు అతుక్కున్న కవరది, పాత సామాన్లకి కూడా పోదు. రెండోది, "మా రోజుల్లో" అనే మాట. ఆ రోజుల్లో చెత్త తక్కువంటే కొనే శక్తి తక్కువ కాబట్టి కూడా. ఆ పొదుపు చాకిరీ అంతా ఆడవాళ్ల మీదే పడేది. ఊరి చెత్త ఏ కులాలవాళ్ల చేత ఎత్తించారో కూడా పిల్లలకు చెప్పాలి. అయినా బందరు కాలవలో, ఏలూరు కాలవలో మూటలు విసిరింది ఈ కాలం పిల్లలొక్కరే కాదు కదా.

జపాన్‌లో చాలా బళ్లలో గదులు ఊడ్చి తుడిచేది పిల్లలే. భోజనం అయ్యాక పాల అట్టడబ్బాలు విప్పి, కడిగి, ఆరబెట్టి రీసైక్లింగుకి ఇచ్చే బళ్లూ ఉన్నాయి. 2003లో జీరో వేస్ట్ ప్రకటన చేసిన కమికత్సు అనే ఊళ్లో చెత్త బండే రాదు, జనమే తెచ్చి నలభైకి పైగా రకాలుగా వేరు చేస్తారు. ఆ ఊళ్లో 1,500 మంది కూడా లేరు, మన ఊరు పది లక్షలు దాటింది. పైగా ఒక్కో బిస్కెట్టుకీ ఒక కవరు చుట్టే దేశం కూడా అదే, కాబట్టి మరీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు.

ఆ పద్ధతిని ఇక్కడ పెడితే మొదటి గొడవ చీపురు దగ్గరే. "మావాడు చదువుకోడానికొచ్చాడా, ఊడవడానికా?" అని తల్లిదండ్రులు మర్నాడే వచ్చేస్తారు. ఆ కోపంలో న్యాయం ఉంది, మన దగ్గర చీపురు కొందరు పిల్లల చేతికే వెళ్లింది మరి. అందుకే డ్యూటీ రోల్ నంబరు వరసన పడాలి, ఎవరికీ మినహాయింపు లేకుండా, టీచర్ల పిల్లలతో సహా. టాయిలెట్ల జోలికి మాత్రం పిల్లల్ని పంపకూడదు.

చీపురు కంటే ముందు మధ్యాహ్న భోజనంతో మొదలుపెట్టడం తేలిక. ప్రభుత్వ బళ్లలో డొక్కా సీతమ్మ పథకం భోజనం ఎలాగూ ఉంది. పళ్లాల్లో మిగిలినదంతా ఒకే బకెట్లో వేయించి, తూచి, ఆ రోజు అంకెను బోర్డు మీద రాయించండి. కోడిగుడ్డు పెంకులు మొక్కల మొదట్లోకి, చిక్కీ కవర్లు పొడి చెత్తలోకి. అంకె రోజూ కళ్ల ముందు ఉంటే "అన్నం కొంచెమే వడ్డించండి ఆంటీ" అనే మాట పిల్లల నోటి నుంచే వస్తుంది.

కాబట్టి అయిదో తరగతి లోపు పిల్లలకు మామ్మగారు, ఆరు నుంచి పైవాళ్లకు డ్యూటీ. ఒక్కటే ఎంచుకోవాల్సి వస్తే డ్యూటీకే నా ఓటు, చిప్స్ ప్యాకెట్టును కనీసం పొడి చెత్తలోకి వేరు చేయిస్తుంది కాబట్టి, కాస్తో కూస్తో జవాబు దాని దగ్గరే ఉంది. కానీ మామ్మగారి క్లాసుకి ఖర్చేముంది? స్వచ్ఛాంధ్ర కోసం నెలనెలా మూడో శనివారం ఎలాగూ ఉంది, ర్యాలీ బదులు ఆ గంట ఆవిడకివ్వండి. రోలు లేకపోతే మిక్సీ చాలు. బీరకాయలు మాత్రం లేతవి తెమ్మనండి, ముదురు పొట్టు అంతా పీచే.