సరళాసాగర్ చూసుడు బాగనే ఉంది, లాడ్జి బిల్లే మింగుడు పడలే

ముందు లాడ్జి సంగతే చెప్త, తల్సుకుంటే ఇప్పటికీ మండుతది. లాడ్జాయన ఏసీ రూమ్ అని 1,800 తీసుకుండు, రిమోట్ అడిగితే "వోల్టేజ్ లేదు సార్, పదకొండు దాటినంక వస్తది" అన్నడు, తెల్లారినా రాలే. పొద్దున 600 వాపస్ ఇయ్యమంటే "రసీదుల ఏసీ అని రాసి లేదు గద సార్" అని నా రసీదు నాకే చూపెట్టిండు. వేడినీళ్లు బకెట్‌కు 30 వేరే. మా ఆవిడ ఆయన్ని ఒక్క మాట అనలే, అన్నీ నన్నే అన్నది, ఎందుకంటే ఆ రాత్రి ఆత్మకూర్‌ల వాళ్లమ్మ ఇంట్ల పండుకోవాల్సినోళ్లం.

హైదరాబాద్ నుంచి కొత్తకోట దాక ఏ తిప్పల లేదు. అక్కడ దిగి మదనాపురం దిక్కు పోతే శంకరంపేట దగ్గర సరళాసాగర్ డ్యాం, వనపర్తి జిల్లాల. 1959 నాటిది, గేట్లు లేవు, ఎత్తేటోడు లేడు, నీళ్లు నిండు మట్టానికి రాంగనే సైఫన్లు, అంటే కట్టల ఉండే వంపు తూములు, వాటంతట అవే నీళ్లు గుంజి బయటికి వదుల్తయి. 2019 డిసెంబర్ 31న కట్ట తెగింది దీనిదే, మళ్ల కట్టిండ్రు. మేం పోయేసరికి సైఫన్లు దుంకుతున్నయి, మా బావమరిది వీడియో తీసుడు గంటైనా ఆపలే.

ఆ గంటల కొంప మునిగింది. ఈ నీళ్లన్నీ పోయి పడేది ఊకచెట్టు వాగులనే, ఆత్మకూర్ రోడ్డు దాటేదీ ఆ వాగునే. మేం పోయేసరికి వాగు పొంగి రోడ్డుకు అడ్డంగ తాడు కట్టేసిండ్రు. పాలక్యాన్లతోని బండ్లోళ్లు, బడి నుంచి వచ్చే పిల్లలు, ఆస్పత్రికి పోవాల్సిన ఒక ముసలాయన, అందరు ఇటే నిలబడ్డరు. మావోడు అక్కడ గూడ ఫోన్ తీస్తే ఒకామె "మీకు ఫొటో, మాకు వానొస్తే ఇదే బతుకు" అని మొహం మీదనే అన్నది, సప్పుడు చేయకుండ జేబుల పెట్టుకుండు. ఆత్మకూర్ పోలేక ఆ రాత్రి ఆ లాడ్జిల పడ్డం.

తెల్లారి వాగు ఇంక తగ్గలే గని ఒడ్డు మీద ఒక అవ్వ చేపలు వేయించుకుంట కూసున్నది. ప్లేటు 80, జొన్న రొట్టె 15. అప్పుడే పట్టిన చేప, పల్లి నూనె, కారం దంచింది, ఇంకేం లేదు. మా ఆవిడ మూడు రొట్టెలు తిని రాత్రి నుంచి మొదటిసారి నవ్వింది. వానకాలం పోయేటోళ్లు ముందు వాగు దాటే రోడ్డు తెరిచుందా అని మదనాపురంల అడుగుండ్రి, లేకుంటే వెలుగుండంగనే తిరిగిపోండ్రి, ఆగితే మాత్రం ఏసీ ఆన్ చేసి చూసినంకనే పైసలియ్యండ్రి.

లెక్క కట్టేటప్పుడు అవ్వ ఎక్కడోళ్లని అడిగింది. చెప్పిన. "ఆత్మకూర్ అల్లుడివా, అయితే రొట్టెలకు ఇయ్యకు బిడ్డా. చేపలకు మాత్రం ఇయ్యాలె."