ఒక చెవి పూర్తిగా పోయినవాళ్లకి ఫోనాక్ క్రాస్ పి ఎంతవరకు పనికొస్తుంది?

ఒక చెవి ఇలా పోవడానికి ఒక కారణం అకౌస్టిక్ న్యూరోమా, అంటే చెవి నుంచి మెదడుకు వెళ్లే నరం మీద వచ్చే గడ్డ. ఇది క్యాన్సర్ గడ్డ కాదు, చాలావరకు నిదానంగానే పెరుగుతుంది. అయినా ఆపరేషన్ చేయించినా, గామా నైఫ్ (కోత లేకుండా గడ్డ మీదికి రేడియేషన్) ఇప్పించినా, ఊరికే ఎమ్మారైలు తీయిస్తూ కనిపెట్టుకుని ఉన్నా, చాలామందికి ఆ వైపు వినికిడి దక్కదు. దెబ్బ తగిలేది నరానికి కాబట్టి ఆ చెవికి మామూలు వినికిడి మిషను పెడితే శబ్దం పెద్దదవుతుందే గానీ మాట తేలదు.

క్రాస్ చేసే పని వేరు. వినపడని చెవి వెనక మైకున్న ముక్క, వినపడే చెవికి మిషను. అటు పక్క మాట్లాడింది వైరు లేకుండా ఇటు వస్తుంది. రెండు ముక్కలూ కావాలి, పైగా అవి ఒకే తరానివి కావాలి. క్రాస్ పి ఫోనాక్ వాళ్ల ప్యారడైజ్ తరం మిషన్లతోనే కలుస్తుంది, ఆ తర్వాతి తరం లూమిటీకి వేరే క్రాస్ ఉంది. ఇంట్లో ఉన్న పాత మిషనుకు జత చేద్దామంటే కుదరదు.

బాగా పనికొచ్చే చోటు కారు. ఎడమ చెవి పోయిన మనిషి డ్రైవ్ చేస్తుంటే పక్క సీటులో వాళ్ల మాట తల అడ్డొచ్చి సగమే అందుతుంది. క, త, ప, స లాంటి సన్నటి హల్లులు ముందు పోతాయి, 'పత్తి' అన్నారో 'కత్తి' అన్నారో తెలీదు. క్రాస్‌తో ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది.

తీరనివీ ఉన్నాయి. వినేది ఇంకా ఒక్క చెవే కాబట్టి హారన్ ఎటు నుంచి మోగిందో చెప్పలేరు. చెవిలో హోరు తగ్గదు, తూలడం అసలే తగ్గదు. పెళ్లి భోజనాల్లో బ్యాండు గానీ స్పీకరు గానీ వినపడని వైపు ఉంటే, ఆ గోలంతా ఉన్న ఒక్క చెవిలోకి వచ్చి పడుతుంది. అప్పుడు యాప్‌లో క్రాస్ శబ్దం తగ్గించాలి, లేదా ఆ ముక్క తీసి, ఆపేసి జేబులో వేసుకోవాలి.

షాపుల్లో ఎక్కువగా జరిగే పొరపాటు డోమ్ దగ్గర, అంటే మిషను కొసకు ఉండి చెవి రంధ్రంలోకి వెళ్లే మెత్తటి టోపీ దగ్గర. మంచి చెవి నిజంగా మంచిదే అయితే ఓపెన్ డోమ్ (రంధ్రాలున్నది) పెట్టాలి. మూసుకుపోయే డోమ్ పెడితే సొంత గొంతు బిందెలో మాట్లాడినట్టు మోగుతుంది, ఉన్న వినికిడికీ అడ్డం పడుతుంది. ఆ చెవి కూడా తగ్గి ఉంటే బైక్రాస్‌గా, అంటే అటు శబ్దం తేవడంతో పాటు ఈ చెవికీ శబ్దం పెంచేలా, సెట్ చేయమనండి. డబ్బు కట్టేముందు ఆడియాలజిస్టును వినపడని వైపు నిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పది మాటలు చెప్పమనండి. ఒకసారి క్రాస్ ఆన్ చేసి, ఒకసారి ఆపి. తేడా అక్కడే తెలుస్తుంది. ఆ తర్వాత ఇంటికి ట్రయల్‌కి ఇవ్వనంటే కొనకండి.

ఇదే పనికి చెవి వెనక ఎముకలో అమర్చే ఇంప్లాంట్ల కన్నా దీన్నే ముందు చూడమనడానికి పెద్ద కారణం ఎమ్మారై. ఈ గడ్డకు ఏళ్ల తరబడి స్కాన్లు తప్పవు. లోపల అయస్కాంతం ఉన్న ఇంప్లాంట్ అయితే, సరిగ్గా చూడాల్సిన చోటే బొమ్మ మీద నల్లటి నీడ పడుతుంది. క్రాస్‌ను స్కాన్ గది బయటే తీసి పెట్టేయొచ్చు.

ఇంకో మాట: ఒక్క చెవే తగ్గిందని వచ్చినవాళ్లకి ఎమ్మారై తీయించారా అని అడగకుండా మిషను చూపించే షాపులో కూర్చోకండి. మామూలు సీటీలో చిన్న గడ్డలు తప్పిపోతాయి.

చెవి వెనక కోసి ఆపరేషన్ చేసి ఉంటే కుట్లు పూర్తిగా మానేదాకా ఆగాలి. కళ్లజోడు కాడ, మాస్క్ తాడు, ఈ ముక్క మూడూ ఒకేచోట ఇరుక్కుంటాయి. మాస్క్ తీసేటప్పుడే ఎక్కువగా ఊడి కింద పడుతుంది, అందుకని తల వెనక కట్టుకునే మాస్క్ వాడండి.