శాంప్లింగ్ పూసల కిట్: పెట్టె మంచిదే, పుస్తకంతోనే పేచీ

నేను హైస్కూల్ పిల్లలకు లెక్కలు చెప్తాను. సగటు, మధ్యగతం, బాహుళకం వరకు వాళ్లకు పెద్ద ఇబ్బంది ఉండదు, లెక్క చేస్తే జవాబు వచ్చేస్తుంది. శాంప్లింగ్ (కొన్నింటిని తీసి చూసి మొత్తం గురించి అంచనా వేయడం) దగ్గరికి వచ్చేసరికి మాత్రం నిర్వచనాలు బట్టీ పట్టడం మొదలెడతారు. అందుకే ఈ కిట్ తెప్పించాను. 800 తెల్ల పూసలు, 200 ఎర్ర పూసలు, వాటిలో ముంచి తీయడానికి 10, 25, 50 గుంటలున్న మూడు పలకలు, విద్యార్థుల వివరాలున్న 120 కార్డులు, ఒక చిన్న పుస్తకం ఇచ్చారు.

పెట్టిన డబ్బుకు పలకలొక్కటే చాలు. 10 గుంటల పలక ముంచితే ఒకడికి నాలుగు ఎర్రవి వస్తాయి, పక్కవాడికి ఒక్కటీ రాదు. "అసలు ఇందులో ఎర్రవి లేవు టీచర్" అని వాడు తేల్చేస్తాడు. 20 శాతం ఎర్రవి ఉన్నా, పది తీసినప్పుడు ఒక్కటీ రాకపోయే అవకాశం దాదాపు 11 శాతం ఉంది మరి. 50 గుంటల పలక ఇచ్చాక ఈ గొడవ సద్దుమణుగుతుంది, చాలావరకు 5కీ 15కీ మధ్యే వస్తాయి. శాంపిల్ పెరిగితే ఊగిసలాట తగ్గుతుందన్న సంగతి బోర్డు మీద ఎంత చెప్పినా ఇంతలా ఎక్కదు.

ఇక పేచీ. పలక ముంచి తీస్తే అది ర్యాండమ్ శాంపిల్, అంటే ప్రతి పూసకూ వచ్చే అవకాశం సమానంగా ఉన్న శాంపిల్, అయిపోతుందని పుస్తకం ధీమాగా రాసింది. నాకు వచ్చిన సెట్‌లో ఎర్ర పూసలు తెల్లవాటికంటే ఒక పిసరు చిన్నవి. పెట్టె ఊపినకొద్దీ చిన్నవి సందుల్లోంచి కిందికి జారిపోతాయి. అందుకే 50 గుంటల పలకతో వచ్చిన ఎర్రవాటికి క్లాసంతా కలిపి వేసిన సగటు 10కి రాకుండా 8 దగ్గరే ఆగిపోయింది. అమెరికన్ గణాంక శాస్త్రవేత్త ఎడ్వర్డ్స్ డెమింగ్ తన శిక్షణ తరగతుల్లో 3,200 తెల్లవి, 800 ఎర్రవి, 50 గుంటల పలకతో ఇదే ప్రయోగం చేయించేవారు. పలక మారితే సగటు కూడా మారుతోందని, పలకతో ముంచడం ర్యాండమ్ అంకెలతో ఎంచడంతో సమానం కాదని చెప్పిందీ ఆయనే. ఆ ఒక్క ముక్క పుస్తకంలో వేసి ఉంటే ఈ లోపమే మంచి పాఠం అయ్యేది. నేనైతే అలాగే వాడుకున్నాను: సగటు ఎందుకు తగ్గిందో మీరే కనిపెట్టండి అని వదిలేశాను. పూసల సైజు సంగతి బయటపెట్టింది వెనక బెంచీ పిల్లే.

కార్డుల భాగం బాగా ఆలోచించి చేశారు. ఒక్కో కార్డు మీద తరగతి, సెక్షన్, ఎత్తు, ఇంటి నుంచి బడికి దూరం ఉంటాయి. ప్రతి తరగతి నుంచీ కొందరిని తీస్తే స్ట్రాటిఫైడ్, కొన్ని సెక్షన్లను ఎంచి వాటిలో అందరినీ తీసుకుంటే క్లస్టర్. పరీక్షల్లో పిల్లలు తారుమారు చేసేది ఈ రెండింటినే, కార్డులు టేబుల్ మీద పరిస్తే ఆ తికమక పోతుంది. జాబితాలో ప్రతి పదో పేరూ అన్నట్టు సమాన దూరంలో ఎంచే సిస్టమాటిక్ శాంప్లింగ్‌కు అరపేజీ కేటాయించారు. జాబితాలో అబ్బాయి, అమ్మాయి వరసగా ఉంటే ప్రతి పదో పేరూ ఒకే రకం వాళ్లదే వస్తుందన్న హెచ్చరిక లేదు.

కార్డులు ఎంచుకోవడానికి పుస్తకంలో ఇచ్చిన ర్యాండమ్ అంకెల పట్టిక అక్షరాలు మరీ సన్నం. పైగా మూడంకెల సంఖ్య 120 దాటితే వదిలేయమన్నారు. అలా చేస్తే వందలో 88 వృథా, పిల్లలకు విసుగు. 001 నుంచి 960 వరకు ఏది వచ్చినా 120తో భాగించి శేషం తీసుకోమనండి, శేషం సున్నా అయితే 120వ కార్డు. వదిలేయాల్సినవి నాలుగు శాతమే.

క్లాసుకు ఒక కిట్ చాలు, ఇంట్లో ఒక్క పిల్లాడి కోసమైతే అనవసరం. ఒక్కడే ముంచుతుంటే పోల్చుకోవడానికి పక్కవాడి పలక ఉండదు. కొనేముందు రెండు రంగుల పూసలూ ఒకే సైజువేనా అని అడగండి.