క్రిస్మస్ లక్కీ డ్రాకు ఏది మేలు: ముక్కల దుప్పటా, లేసు దుప్పటా, పాత చీరల బొంతా?

పాలకొల్లు దగ్గర మా ఊరి చర్చిలో స్త్రీల సమాజం క్రిస్మస్‌కు లక్కీ డ్రా పెట్టి, టికెట్ల మీద వచ్చిన సొమ్మును పేదింటి ఆడపిల్లల కాలేజీ ఫీజులకు ఇస్తుంది. బహుమతిగా మిక్సీయో కుక్కరో కొనకుండా మన చేతులతో చేసిన దుప్పటి పెడదామని అందరూ ఒప్పుకున్నారు గాని, ఎలాంటి దుప్పటి అన్న దగ్గర మాట తెగలేదు.

మిషను మీద కుట్టే ముక్కల దుప్పటి తొందరగా తెములుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు గుడ్డలను పలకలుగా కత్తిరించి జతచేసి, లోపల పాలిస్టర్ దూది పరచి కుడితే ఇద్దరికి వారం రోజుల పని. దండెం మీద వేస్తే పండగ కళ ఉట్టిపడుతుంది. అయితే డెల్టాలో డిసెంబరు చలి ఎంతని? తెల్లవారుజామున మంచు కురిసినా, పాలిస్టర్ దూది కప్పుకున్నవారికి అర్ధరాత్రికే ఉక్కపోస్తుంది. పైగా ఎరుపు రంగు దిగితే పక్కనున్న తెల్ల ముక్క గులాబీగా మారిపోతుంది. ఒకసారి నా చేతి మీదుగానే ఆ నష్టం జరిగింది; అప్పటినుంచి ప్రతి గుడ్డనూ తడిపి, తెల్లబట్టతో రుద్ది చూడనిదే కత్తెర పట్టను.

నరసాపురం లేసు దుప్పటి సంగతి వేరు. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా మన ప్రాంతానికి వచ్చిన ఈ పనికి 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. తెల్లని నూలుతో చక్రాలు, పువ్వులు విడివిడిగా అల్లి, అన్నిటినీ కలిపి దుప్పటి చేస్తారు. టికెట్లు అమ్ముడుపోవడానికి దీనిని మించిన వస్తువు లేదని ఒప్పుకుంటాను. కానీ డబుల్ కాట్‌కు సరిపడేది ఒక్క మనిషి అల్లాలంటే నెలలు పడుతుంది, అల్లేవారా ఆ కూలితోనే ఇల్లు గడుపుకొనే ఆడవాళ్లు. దక్కే కూలే తక్కువైన పనిని ధర్మకార్యం పేరు చెప్పి ఊరికే చేసి పెట్టమనడానికి నా మనసు ఒప్పదు. న్యాయమైన కూలి ఇచ్చి చేయిస్తే టికెట్ల సొమ్ములో చాలా భాగం బహుమతికే సరిపోతుంది. చలికి కప్పుకోవడానికీ అది పనికిరాదు.

అందుచేత నా మొగ్గు పాత చీరల బొంత వైపు. అయిదున్నర మీటర్ల నూలు చీర నుంచి రెండుంబావు మీటర్ల ముక్కలు రెండు తీసి పక్కపక్కన కుడితే డబుల్ కాట్‌కు ఒక పొర వస్తుంది. నాలుగు పొరలైతే మన చలికి చాలు. జరీ అంచు గుచ్చుకుంటుంది కనుక ముందే విప్పేయాలి. సింథటిక్ చీర ఎంత బాగున్నా సూది కింద జారి పొరలను ముడతలు పెడుతుంది కనుక కలపకూడదు. చీరను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే చివికిన చోటు పలచగా తెలుస్తుంది, అటువంటి ముక్కను లోపలి పొరలో వేసుకోవాలి. నేల మీద పరిచి, పొడుగు టాకాలు వేసి, మధ్యలో మొదలుపెట్టి అంచుల వైపు కుట్టుకుంటూ పోవాలి; అంచుల నుంచి మొదలుపెడితే నడుమ గుడ్డ పొంగుతుంది. వరుసకూ వరుసకూ మధ్య బొటనవేలి వెడల్పంత ఎడం ఉంటే ఎన్ని ఉతుకులకైనా పొరలు కదలవు. మూడేళ్ల కిందట కుట్టిన బొంతలో, చనిపోయిన తన తల్లి కట్టిన గళ్ల చీరను గుర్తుపట్టి, దాని మీద చేయి వేసి కాసేపు నిలబడిపోయి, ఒకావిడ పది టికెట్లు కొన్నది.

కట్టి విడిచిన బట్టను బహుమతిగా ఇస్తామా అని పెద్దవాళ్లు కొందరు నొచ్చుకుంటారు. ఆ మాటను నేను తేలికగా తీసుకోను. పై పొరకు బండారులంక నేత చీర కొత్తది కొని, తెలిసిన చీరలు అడుగు వైపు కనబడేటట్లు వేస్తే ఇరువురి మనసూ నిలుస్తుంది. చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పున లేసు అంచు పెట్టాలి, దానిని మాత్రం అడిగిన కూలి ఇచ్చి అల్లించాలి.

సార్వా (ఖరీఫ్ వరి) కోతలు మొదలైతే కుట్టేవారికి మధ్యాహ్నాలు దొరకవు. అక్టోబరు, నవంబరు ముసురులో ఉతికిన చీరలు సరిగా ఆరక, ఆ చెమ్మ వాసన బొంతలోనే ఉండిపోతుంది. కనుక దసరాకు ముందే చీరలు సేకరించి, మంచి ఎండ కాసిన రోజున ఉతికి ఆరవేసి, లేసు అల్లే ఆవిడకు బయానా కూడా అప్పుడే ఇచ్చి ఉంచాలి.