ఫిగారోనా, పావోనా, వ్యూటా? మూడింట్లోనూ ఉన్నది మార్చే

ఇంగ్లండ్‌లో ఉండే మా బావ పాత జపాన్ కారు కొంటానని నెల రోజులుగా ఫొటోలు పంపుతున్నాడు, అన్నీ నిస్సాన్ ఫిగారోవే. ఆ కారును జపాన్‌లో తప్ప ఎక్కడా అమ్మలేదు కానీ, స్టీరింగ్ కుడివైపే కాబట్టి తర్వాత బ్రిటన్‌కి బోలెడు చేరాయి. బాగుంటుంది, కాదనను. 1991లో వచ్చింది, ముందు 8,000 చేద్దామనుకుని జనం ఎగబడేసరికి 20,000 చేసి లాటరీ తీసి అమ్మారు. ఋతువుకొకటి చొప్పున నాలుగే రంగులు. రూపం ఎలా ఉన్నా లోపల ఉన్నది నిస్సాన్ వాళ్ల మామూలు చిన్న కారు మార్చ్; పావో, వ్యూట్ కూడా అంతే.

కానీ రోజూ నడపాలంటే కథ వేరు. వెనక సీటు చిన్నపిల్లలకే సరిపోదు. పైన గుడ్డ టాపు చేత్తో మడిచి వెనక్కి తోస్తే దాచుకోవడానికి వేరే అర ఉంది, ఆ అర పోగా డిక్కీకి మిగిలేది ఎంతని? వారం సరుకులు తెస్తే బియ్యం బస్తా మా అక్క ఒళ్లో పెట్టుకోవాల్సిందే. గేర్లు మూడే, అదీ ఆటోమేటిక్. ఇంజన్ 987 సీసీ టర్బో, 76 హార్స్‌పవర్, కాబట్టి మరీ ఈడ్చుకుంటూ పోదు. కొనేముందు మాత్రం కింద పడుకుని తుప్పు చూడాలి, ఇంజన్ సామాన్లు దొరికినంత తేలిగ్గా బాడీ సామాన్లు దొరకవు.

నిస్సాన్ వాళ్లదే అయిన పావో ఇంకా పాతది. 1989లో మూడు నెలలు బుకింగ్ తెరిస్తే 51,000 పైగా అమ్ముడైంది. టర్బో లేదు, 52 హార్స్‌పవరే, హైవే ఎక్కితే లారీ వాళ్లు కూడా దాటేసి పోతారు. అయినా నాకిదే ఇష్టం. తలుపు బిజాగరీలు బయటికే కనిపిస్తాయి, అద్దం కిందికి దించేది కాదు, సగం ముక్కను బయటికి తోసి పైకి లేపాలి, చూస్తుంటే పాత ఇంటి కిటికీయే గుర్తొస్తుంది. ఐదు గేర్ల మాన్యువల్ కూడా ఉంది, వెనక తలుపు ఉంది, సామాను పడుతుంది. ఆ రోజుల్లో మామూలు మార్చ్ చేసే పనులన్నీ ఇదీ చేస్తుంది.

మిత్సువోకా వ్యూట్ సంగతి చెప్పాలంటే, అది పగటి వేషం. 1993లో జపాన్‌లోని టొయామాకి చెందిన మిత్సువోకా కంపెనీ వాళ్లు రెండో తరం మార్చ్‌కి పాత జాగ్వార్ ముఖం తగిలించారు. బయటి నుంచి జమీందారు, తలుపు తీస్తే డాష్‌బోర్డు పక్కింటి మార్చ్‌దే. (మూడో తరం వ్యూట్ కింద ఉన్నది నాలుగో తరం మార్చ్, అంటే మన దగ్గర మైక్రా పేరుతో చెన్నై పక్కన తయారైందే.) నాలుగు తలుపులు, ఈ మూడు కార్లలో కొత్త ఇంజన్ దీనిదే, రోజువారీకి తలనొప్పి లేనిది ఇదే. అదొక్కటే చూసుకునేవాళ్లు మార్చే కొనుక్కోవచ్చుగా!

ఇదంతా బావకి ఫోన్లో చెప్పాను. శనివారం ఒక పావో చూడ్డానికి వెళ్తున్నాడట. మా అక్క ఫోన్ వాల్‌పేపర్ మాత్రం ఇప్పటికీ లేత నీలం ఫిగారోనే.