నౌక్రీ ప్రొఫైల్: ‘రెలవెంట్ ఎంత?’ అన్న ప్రశ్నకు ఎంతవరకు పనికొస్తుంది?

బెంగళూరులో కంపెనీలకు మనుషుల్ని వెతికిపెట్టే కన్సల్టెన్సీ నుంచి ఫోన్ వస్తే ప్రశ్నలు దాదాపు ఎప్పుడూ అవే: మొత్తం అనుభవం (టోటల్) ఎంత, అందులో ఈ ఉద్యోగానికి పనికొచ్చేది (రెలవెంట్) ఎంత, ఇప్పటి ఏడాది జీతం (సీటీసీ) ఎంత, ఎంత అడుగుతున్నారు, నోటీస్ ఎన్నాళ్లు. పేచీ వచ్చేది రెండోదాని దగ్గరే. ఆరేళ్ల అనుభవాన్ని రెండేళ్లకు కోసేసి, ‘క్లయింట్‌కు నాలుగు కావాలండీ’ అని పెట్టేస్తారు.

అందులో ఉద్యోగాల వెబ్‌సైట్ నౌక్రీ డాట్ కామ్ పాత్ర కూడా ఉంది. రిక్రూటర్లు రెస్‌డెక్స్ అనే దాని డేటాబేస్‌లో వెతుకుతారు: కీవర్డ్ కొట్టి, మొత్తం అనుభవానికి కింద హద్దు, పైన హద్దు పెట్టుకుంటారు. పెద్ద సర్వీస్ కంపెనీల్లో హోదా తరచూ ‘సిస్టమ్స్ ఇంజనీర్’ లాంటిదే ఉంటుంది. ఆ మనిషి టెస్టింగ్ చేశాడో, జావా రాశాడో, రాత్రి షిఫ్టులో సపోర్ట్ టికెట్లు (ఫిర్యాదులు) మూశాడో దాన్నిబట్టి తెలియదు. కాబట్టి రెజ్యూమె హెడ్‌లైన్‌లో హోదా బదులు చేసే పని రాయాలి.

నౌక్రీలో నిజంగా బాగున్నది, చాలామంది ఖాళీగా వదిలేసేది ‘ఐటీ స్కిల్స్’ పట్టిక. స్కిల్ పేరు, వెర్షన్, చివరగా వాడిన సంవత్సరం, ఎన్నేళ్లు-ఎన్ని నెలలు అని గళ్లుంటాయి. మొత్తం 6 ఏళ్ల 2 నెలలున్న టెస్టర్‌ని తీసుకోండి. మొదటి 3 ఏళ్ల 8 నెలలు చేత్తో చేసే మాన్యువల్ టెస్టింగ్, డేటాబేస్‌కు వాడే ఎస్‌క్యూఎల్. తర్వాత 2 ఏళ్ల 6 నెలలు ఆటోమేషన్ టెస్టింగ్ టూల్స్: సెలీనియం, జావా, జెన్‌కిన్స్. ఎస్‌క్యూఎల్ ఇప్పటికీ వాడుతుంటే దానికి 6 ఏళ్ల 2 నెలలు వేసుకోవచ్చు. సెలీనియంకు మాత్రం 2 ఏళ్ల 6 నెలలే. ఒకే కాలంలో వాడిన సెలీనియంనీ జావానీ కలిపి అయిదేళ్లు చేయకూడదు. అలా చేస్తే ఈపీఎఫ్ఓ (పీఎఫ్ సంస్థ) సర్వీస్ హిస్టరీలోని చేరిన తేదీలూ, రెజ్యూమెలోని ప్రాజెక్ట్ తేదీలూ పక్కపక్కన పెట్టినప్పుడు లెక్క తేలిపోతుంది. మారతహళ్లి పీజీ హాస్టళ్లలో ‘ఓ రెండేళ్లు కలిపేయ్ రా’ అనే సలహా ఉచితంగా దొరుకుతుంది, వెరిఫికేషన్‌లో ఆఫర్ పోతే ఆ సలహా ఇచ్చిన అన్న ఫోన్ ఎత్తడు. చివరగా వాడిన సంవత్సరం పాతదైతే రిక్రూటర్ ఆ స్కిల్‌ని పక్కన పెట్టే అవకాశముంది కాబట్టి ఇప్పటికీ వాడుతున్నవాటికి ఆ గడి సరిచూసుకోండి.

లోటు ఏమిటంటే, ఈ పట్టిక టూల్స్‌ని లెక్కపెడుతుంది కానీ పని బరువుని చూపదు. మాన్యువల్ రోజుల్లో రాసిన టెస్ట్ కేసులే తర్వాత ఆటోమేషన్‌కు పునాది అయ్యాయన్న సంగతికి అక్కడ గడి లేదు. ప్రొఫైల్ సమ్మరీలో చెప్పుకోవచ్చు, కానీ హడావుడిలో ఉన్న రిక్రూటర్ అంతదాకా రాడు. అక్కడ మన మెయిలే దిక్కు.

ఫోన్‌లో వాదించడం దండగ. ‘జేడీ (ఉద్యోగ వివరణ) మెయిల్ చేయండి, అరగంటలో వివరాలు పంపుతాను’ అని పెట్టేయండి. జేడీలోని ఒక్కో అవసరాన్ని ఎడమన, మీరు దాన్ని చేసిన ప్రాజెక్టునీ నెలల్నీ కుడిన వేయండి. ఆరు వరసలు దాటనివ్వొద్దు. కింద ఒకే ప్రశ్న: ‘నాలుగేళ్లన్నది క్లయింట్ తప్పనిసరి షరతా, లేక జీతం శ్రేణి కోసం పెట్టినదా?’ ఈ ప్రశ్న ముఖ్యం. కొందరు రెలవెంట్ తగ్గించేది అర్థంకాక కాదు, జీతం తగ్గించడానికి. బడ్జెట్ సంగతే అయితే బేరం జీతం మీద నడపాలి. అనుభవాన్ని తగ్గించి ఒప్పుకుంటే ఆ అంకె వాళ్లు అభ్యర్థుల వివరాలు రాసుకునే ట్రాకర్ ఎక్సెల్‌లోకి ఎక్కి, ఇంటర్వ్యూ దాకా మీ వెంటే వస్తుంది. క్లయింట్ షరతే అయితే ఆ రిక్రూటర్ చేతిలో ఏమీ లేదు, వదిలేయండి.

డబ్బు కట్టే రెజ్యూమె రైటింగ్ సేవ ఈ ఒక్క సమస్య కోసమైతే అక్కర్లేదు. రాసిపెట్టేవాళ్లకు మీ ప్రాజెక్టులో ఏ నెల ఏం జరిగిందో తెలియదు, వాళ్లూ మిమ్మల్నే అడగాలి. ప్రొఫైల్ ఉచితం, పట్టిక నింపడానికి ఓ ఆదివారం పొద్దున చాలు.